ఐదో మెషిను ఎవరిది?

గేటు దాటుతుండగానే అక్కకు తేడా తెలిసింది.

షెడ్డులో చప్పుడు ఎక్కువగా ఉంది. సాక్సులు అల్లే మెషిన్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ఒక్కోటి ఒక్కోలా మోగుతుంది. మొదటిది గొంతు సవరించుకుంటున్నట్టు ఉంటుంది. రెండోది పళ్ళు కొరుకుతుంది. మూడోది రేకుల మీద చినుకులు పడ్డట్టు టపటపమంటుంది. నాలుగోది పదిహేను రోజులుగా పడుకునే ఉంది. దాన్ని ఇవాళ్టికి బాగుచేస్తానని మామయ్య మాటిచ్చాడు. అంటే నాలుగు చప్పుళ్ళు వినిపించాలి.

ఆమె గేటు ఊచ పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది.

ఐదు.

గడియారం చూసుకుంది. తొమ్మిదిన్నర. పదకొండింటికి బ్యాంకు ఆఫీసరమ్మ తనిఖీకి వస్తుంది.

అక్క పరుగందుకుంది.

ఒక్క మామయ్యకు తప్ప, ఆ షెడ్డులో పనిచేసే తొమ్మిది మందికీ ఆమె అక్కే. ఆమెకంటే పదిహేనేళ్ళు పెద్దదైన కుట్టు పిన్ని కూడా అక్కా అనే పిలుస్తుంది. షెడ్డు ఆమెది, సంతకం ఆమెది, తిట్లు కూడా ఆమెకే కాబట్టి ఆ పిలుపు అలా స్థిరపడిపోయింది.

లోపల నాలుగు మెషిన్లు వాటి వాటి చోట్ల తిరుగుతున్నాయి. కిటికీ పక్కన, నిన్నటిదాకా ఖాళీ అట్టపెట్టెలు ఉన్న చోట, ఐదోది తిరుగుతోంది. పచ్చరంగు పెచ్చులూడిన పాత మెషిను. దాని కింద బుట్టలో తెల్లటి స్కూలు సాక్సులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పక్కన మామయ్య నిలబడి ఉన్నాడు. నుదుటి మీద గ్రీజు, మొహమంతా నవ్వు.

"చూశావా అమ్మాయ్! దీన్ని తుక్కు అన్నారు. పాపం, దాని తప్పేమీ లేదు, మోటారు కాలిందంతే. నిన్న సెలవు కదా, కూర్చుని వైండింగ్ చుట్టేశాను. ఇంకేముంది, లేచి కూర్చుంది!"

"మామయ్యా, నేనేం చెప్పాను?"

"ఏం చెప్పావు?"

"దీని సూదుల సిలిండర్ విప్పి నాలుగోదానికి వేయమన్నాను."

"ఆఁ, అన్నావు. నాలుగోది కూడా తిరుగుతోందిగా. దాని సిలిండర్‌కి చీలిక అడుగునే ఉంది, సూదులు కదిలే గాళ్ళ దాకా రాలేదు. లేతు మీద ఉక్కు రింగు తీయించి, వేడి చేసి తొడిగేశాను. పట్టు చూడు, ఎలా ఉందో! బతికున్నదాన్ని చంపి, గాయపడ్డదానికి పెట్టమంటే నా చేతులు ఎలా వస్తాయమ్మాయ్? అందుకని రెంటినీ లేపాను."

అక్క గోడకు ఆనుకుంది. ఆ గోడ మీద, ఆమె తలకు సరిగ్గా పైన, పాత క్యాలెండరు కాగితం వెనుక తమ్ముడు రాసి అంటించిన జాబితా ఉంది. ఆకుపచ్చ పెన్నుతో రాసినవి వాడొచ్చు: నూలు, జీతాలు, కరెంటు, అద్దె, ఉన్న మెషిన్ల రిపేరు, ప్యాకింగు. ఎర్ర పెన్నుతో రాసినవి వాడకూడదు: కొత్త మెషిను, పాత బాకీలు, ఇల్లు, బండి, సొంత ఖర్చు. అంటించిన రోజున కుట్టు పిన్ని దాని ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి అడిగింది. "మరి నా కళ్ళజోడు ఏ రంగులోకొస్తుంది తమ్ముడూ? కళ్ళు నావి, కుట్టేది మీ సాక్సులు." తమ్ముడు రెండు పెన్నులూ జేబులో పెట్టుకుని అక్కడినుంచి జారుకున్నాడు.

లోను వర్కింగ్ క్యాపిటల్ కింద వచ్చింది. ప్రభుత్వం హామీ ఉంటుంది కాబట్టి అక్క ఇల్లు తాకట్టు పెట్టలేదు. తాకట్టు బదులు ఒక షరతు కింద సంతకం పెట్టింది. ఈ డబ్బు రోజువారీ పని నడవడానికే తప్ప ఆస్తి కొనడానికి కాదు. సగం డబ్బు మూడు నెలల కిందట వచ్చింది. మిగతా సగం ఇవాళ తనిఖీ అయ్యాక రావాలి. గోదాములో నూలు ఒకటిన్నర రోజుకు సరిపడా ఉంది. నూలు మిల్లు లారీ సాయంత్రం వస్తుంది గానీ డబ్బు పడితేనే సరుకు దించుతుంది. ఎనిమిదిన్నర వేల జతలు తొమ్మిది రోజుల్లో అందకపోతే స్కూళ్ళ ఆర్డరు ఇంకొకరి చేతికి పోతుంది. అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. డబ్బు దారి మళ్ళిందని ఆఫీసరమ్మ రాస్తే హామీ రద్దవుతుంది, మొదటి సగం కూడా వెనక్కి కట్టమంటారు. అప్పుడు ఈ షెడ్డుకు మిగిలేది తాళం.

పదిరోజుల కిందట, మూతపడ్డ ఒక కార్ఖానాలో పచ్చమెషిను తూకానికి దొరికింది. సిలిండర్ కోసమని కొన్నారు. రిపేరు సామాను, ఆకుపచ్చ పెన్ను. ఇప్పుడది కిటికీ పక్కన తిరుగుతోంది. ఎర్ర పెన్ను.

తమ్ముడు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు. మెషిన్లను చూశాడు, అక్క మొహం చూశాడు. ఫైలు చంకలోంచి జారింది.

"ఐదా?"

"ఐదు."

"మామయ్యా, నువ్వు మనిషివేనా?"

"ఒరేయ్ అల్లుడూ, రోజుకు రెండొందల జతలు ఎక్కువొస్తాయిరా! దండ వేయాల్సింది పోయి తిడతావేంటి?"

"దండ నాకు వేస్తారు, ఫొటోకి! పద, విప్పు. గంటన్నర ఉంది."

"విప్పను."

"మామయ్యా!"

"విప్పనంటే విప్పను. కావాలంటే నన్ను విప్పు." మామయ్య తన స్టూలు లాక్కుని, మెషినుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

కుట్టు పిన్ని తన మెషిను దగ్గర్నుంచి తల ఎత్తకుండానే అంది. "పెళ్ళి చేసుకోమంటే నలభై ఏళ్ళు తప్పించుకున్నాడు. చివరికి ఇనుముతో కుదిరింది."

ఎవరో కిసుక్కుమన్నారు. అక్క నవ్వలేదు. తమ్ముడు ఆమె చెవిలో గుసగుసలాడాడు. "దాచేద్దాం అక్కా. గోదాములోకి నెట్టి, పైన గోనెసంచులు కప్పి, ముందు నూలు కోన్ల పెట్టెలు పేర్చేద్దాం."

"ఆవిడ గోదాము చూడదా?"

"ముందు వరసే చూస్తుంది."

వద్దనడానికి అక్క నోరు తెరిచింది. కానీ ఆ నోట్లోంచి వేరే మాట వచ్చింది. "తొందరగా."

మెషిను ఆపారు. ప్లగ్గు పీకారు. నూట అరవై కేజీలు. కింద ఇనుప గొట్టాలు మూడు వేసి నెట్టడం మొదలుపెట్టారు. తమ్ముడు, ప్యాకింగు చేసే ఇద్దరు, అక్క. గొట్టం ఒకటి వెనకనుంచి బయటికి రాగానే ముందుకు పరిగెత్తి మళ్ళీ వేయాలి. మామయ్య సాయం పట్టలేదు గానీ స్టూలు మీద కూర్చునే కేకలు వేశాడు. "సూదుల పక్కన పట్టుకోకు! అటు కాదు, దిమ్మ పట్టుకో! ఒరేయ్, అది పసిపిల్లలాంటిదిరా!"

పది గంటల ఇరవై నిమిషాలకు మెషిను గోదాము గుమ్మం చేరింది. పది ఇరవై అయిదుకు గుమ్మంలో ఇరుక్కుంది.

ముందుకు పోదు. వెనక్కి రాదు. మోటారు బిగించిన రేకు గుమ్మం చట్రానికి తగులుకుంది. తమ్ముడు భుజంతో తోశాడు. చట్రం కిర్రుమంది. అక్క కిందకు వంగి చూస్తోంది. వెనకనుంచి ఒక గొంతు వినపడింది.

"బూట్లు ఇక్కడే విడవాలా?"

ఆఫీసరమ్మ. అరగంట ముందుగా వచ్చింది. సన్నగా, పొట్టిగా, చేతిలో మాసిన గుడ్డసంచీతో షెడ్డు గుమ్మం బయట నిలబడి బూట్ల లేసులు విప్పుకుంటోంది. నూలుకు బయటి దుమ్ము అంటకూడదని షెడ్డులో అందరూ చెప్పులు బయటే విడుస్తారు. ఎవరూ చెప్పకుండానే ఆమెకు ఆ సంగతి అర్థమైంది. కళ్ళు తెరుచుకుని చూసే మనిషి.

"రండి మేడమ్. పదకొండన్నారు..."

"పదకొండుకి వస్తే పదకొండుకి తయారైనవే కనిపిస్తాయి." ఆఫీసరమ్మ లోపలికి అడుగు పెట్టింది.

మామయ్య ఆమె కాళ్ళవైపు చూశాడు. ఆయనకు మనుషులు కింది నుంచి పైకి కనిపిస్తారు. "ఆ సాక్సు ఎవరు అల్లారో గానీ అమ్మా, మడమ దగ్గర ఒక సూది అల్లిక ఎగ్గొట్టింది. ఇంకో రెండు ఉతుకులకు చిరుగుతుంది చూడండి."

ఆఫీసరమ్మ కాలు వెనక్కి తిప్పి మడమ చూసుకుంది. నిజమే, సన్నటి నిచ్చెనలాంటి గీత. ఫైలు తీసింది.

నాలుగు మెషిన్ల నంబర్లు చదివి, ఫైలుతో సరిచూసి, టిక్కులు పెట్టింది. జీతాల కాగితాలు చూసింది. అందరి జీతాలూ ఎవరి అకౌంట్లో వాళ్ళకు పడ్డాయి, అది కూడా బ్యాంకు షరతే. కరెంటు బిల్లు, షెడ్డు అద్దె రసీదు, నూలు బిల్లులు చూసింది. ప్రతిదానికీ ఒక టిక్కు. టిక్కు పడ్డప్పుడల్లా తమ్ముడు తరువాతి కాగితం ముందుకు జరిపాడు.

"ఇప్పుడు స్టాకు రూము చూద్దాం. ఎటు?"

గోదాముకు ఉన్నది ఒకటే గుమ్మం. ఆ గుమ్మంలో పచ్చమెషిను అటూ ఇటూ కాకుండా నిలబడి ఉంది.

"ఇదేంటి?"

"పక్క షెడ్డువాళ్ళది మేడమ్," అన్నాడు తమ్ముడు. "పెట్టుకోవడానికి చోటు లేదంటే..."

ఆఫీసరమ్మ మెషినుకే తగిలించి ఉన్న బుట్టలోంచి ఒక సాక్సు తీసింది. అక్క షెడ్డు గుర్తు, రెండు నీలం గీతలు, పైఅంచున అల్లి ఉంది. దాన్ని తమ్ముడికి చూపించలేదు, తానే చూసి మళ్ళీ బుట్టలో వేసింది. పెన్ను మూత తీసింది.

ఆ పెన్ను కాగితాన్ని తాకబోతుంటే అక్క అంది. "కాదు మేడమ్. మాదే."

"అక్కా!"

"నువ్వాగరా. మాదే మేడమ్. సిలిండర్ కోసం తూకానికి కొన్నాం. విప్పాల్సింది. మా మామయ్య విప్పలేదు, బాగుచేశాడు."

"బిల్లు?"

తమ్ముడు ఫైలులోంచి తీసిచ్చాడు. పాత మెషిను, నూట అరవై కేజీలు, విడిభాగాల నిమిత్తం. ఆఫీసరమ్మ రెండుసార్లు చదివింది.

"లోను డబ్బుతోనే కట్టారు."

"అవును."

"మోటారు వైండింగుకి? రింగుకి?"

మామయ్య చెయ్యెత్తాడు. "తీగ నా దగ్గర పాతది ఉందమ్మా. రింగు లేతువాడు నా స్నేహితుడు, ఊరికే తీసిచ్చాడు."

"అయితే సమస్య ఈ బిల్లు ఒక్కటే." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "దీన్ని విప్పి వాడి ఉంటే రిపేరు. తిరుగుతూ ఉంటే మెషిను. ఈ లోనుతో మెషిను కొనకూడదు. నేను ఉన్నదే రాస్తాను. మీకు రెండు దారులున్నాయి. ఇప్పుడే నా ముందే విప్పి భాగాలు నాలుగోదానికి వేస్తే, రిపేరు అని రాస్తాను. లేదా ఈ బిల్లు మొత్తాన్ని లోను కాని డబ్బుతో, ఇవాళ నాలుగింటిలోగా అకౌంట్లో తిరిగి కట్టండి. రెండో విడత ఫైలు నాలుగింటికి పైకి పంపుతాను. దాటితే మళ్ళీ తనిఖీ వచ్చే నెలే."

"విప్పేస్తాం!" అన్నాడు తమ్ముడు.

అక్క మనసులో లెక్క గిర్రున తిరిగింది. సొంత డబ్బు లేదు. ఉన్నదంతా లోను రాకముందే ఈ షెడ్డులో పోసింది. నాలుగు మెషిన్లు, రోజుకు ఎనిమిదొందలు, తొమ్మిది రోజులకు ఏడువేల రెండొందలు. ఇంకా పదమూడొందలు తక్కువ. ఐదైతే తొమ్మిదివేలు, అయిదొందలు ఎక్కువే. కానీ నూలు లేకపోతే ఐదున్నా ఒకటే, యాభై ఉన్నా ఒకటే.

మామయ్య లేచాడు. ఎవరూ చెప్పకుండానే పానా తీసుకున్నాడు. మెషిను దగ్గరికి వెళ్ళి, సిలిండర్ కింది బోల్టుకు పానా పెట్టాడు. అంతే, అక్కడ ఆగాడు. బిగుసుకుపోయిన బోల్టు కాదు, నిన్న ఆయన బిగించిందే. వేలితో తిప్పినా వస్తుంది.

"తిప్పు మామయ్యా," అన్నాడు తమ్ముడు మెల్లగా.

"తిప్పుతున్నానురా. తొందరేంటి?"

పానా కదల్లేదు.

అక్క చూపు గోడ మీదకి పోయింది. క్యాలెండరు కాగితం. ఆకుపచ్చ అక్షరాలు. నూలు, జీతాలు, కరెంటు, అద్దె.

అద్దె.

"మేడమ్, ఒక్క మాట. అద్దె కట్టొచ్చని ఉంది. అది షెడ్డు అద్దేనా, మెషిను అద్దె కూడానా?"

ఆఫీసరమ్మ మొదటిసారి తల పూర్తిగా ఎత్తి ఆమె వైపు చూసింది. "వ్యాపారానికి కావలసిన అద్దె ఏదైనా."

"అంటే మెషిను కొనకూడదు, అద్దెకు తెచ్చుకోవచ్చు."

"తెచ్చుకోవచ్చు. కాగితం ఉండాలి. అద్దె బయట రేటుకు మించకూడదు. మెషిను నిజంగా ఇంకొకరిదై ఉండాలి."

అక్క తిరిగింది. "మామయ్యా, దీన్ని నువ్వు కొంటావా?"

"నేనా? దేంతో? ఈ పానాతోనా?"

"నీ జీతంతో."

"ఏ జీతం?"

షెడ్డు మొత్తం ఆయన వైపు చూసింది. కుట్టు పిన్ని కూడా కుట్టు ఆపింది.

"మూడు నెలలుగా నీ అకౌంట్లో వేస్తున్న జీతం మామయ్యా!"

మామయ్య పానా దించాడు. "అది... అది బ్యాంకు కోసం రాసే లెక్క కదా? నేను ఇంటి మనిషిని. మీ ఇంట్లో తింటున్నాను, మీ వరండాలో పడుకుంటున్నాను. నాకెందుకు జీతం? ఏదో షరతు అన్నారు, అకౌంటు తెరిపించారు, సంతకం పెట్టమంటే పెట్టాను." ఆయన ఒక్కొక్కరి మొహం చూశాడు. "నిజంగా వేశారా?"

"ప్రతి నెలా ఒకటో తారీఖున."

"అది నాదా?"

"నీదే."

"తీసుకోలేదా ఒక్కసారి కూడా?" ఆఫీసరమ్మ అడిగింది. ఈసారి ఆమె గొంతులో ఏదో మారింది.

"ఉందని తెలిస్తే కదమ్మా!"

తమ్ముడు అప్పటికే ఫోనులో లెక్క వేస్తున్నాడు. మూడు నెలల జీతం. మెషిను బిల్లు దానిలో రెండున్నర నెలలది. చాలుతుంది. పైగా కాస్త మిగులుతుంది.

"కానీ మామయ్యా, నీ ఇష్టం," అంది అక్క. "నీ డబ్బు. మొదటిసారి చూస్తున్న డబ్బు. వద్దంటే వద్దు, ఇప్పుడే విప్పేద్దాం."

మామయ్య బోల్టు వైపు చూశాడు. పానాను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పాసుబుక్కు నా పరుపు కింద ఉంది. ఎవరైనా తెస్తారా, నేనే పరిగెత్తనా?"

*

పరుపు కింద లేదు. తమ్ముడు ఇల్లంతా తిరగేసి, చివరికి పనిముట్ల పెట్టె మూతకు అంటించి ఉన్నదాన్ని పెరికి తెచ్చేసరికి రెండున్నర దాటింది. ఈలోగా అక్క కాగితాలు రాయించింది. షెడ్డు ఆ మెషినును కొన్న ధరకే మామయ్యకు అమ్మినట్టు ఒకటి, అద్దె ఒప్పందం ఒకటి. రెండో దాంట్లో అద్దె అంకె ఖాళీగా ఉంది. మూడు గంటల పది నిమిషాలకు ముగ్గురూ బ్యాంకులో వరసలో నిలబడ్డారు. ముందు ఏడుగురు ఉన్నారు.

గోడ గడియారంలో ముల్లు ఒక్కో నిమిషానికీ టక్కుమని దూకుతోంది. అక్క చెవి దానికే అతుక్కుపోయింది. ఇంతలో ఫోను మోగింది. కుట్టు పిన్ని. "అక్కా, నూలు లారీ వచ్చింది. డ్రైవరు గేటు దగ్గర మంచం వేయించుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. డబ్బు పడందే తాడు విప్పడట. ఆరింటికి వెళ్ళిపోతానంటున్నాడు."

"కూర్చోబెట్టు పిన్నీ. కదలనివ్వకు."

"నా నోరుంది కదా, ఎక్కడికి పోతాడు?"

మూడు ముప్పై నాలుగుకు కౌంటరు దొరికింది. గుమస్తా కాగితం తీసుకుని, మామయ్య సంతకం చూసి, కంప్యూటరు వైపు చూసి, కాగితం వెనక్కి తోశాడు.

"సంతకం కలవడం లేదు."

"నాదే నాయనా."

"మీదే కావచ్చు. ఇందులో ఉన్నది వేరేగా ఉంది. ఇంకోసారి పెట్టండి."

మామయ్య పెట్టాడు. నిదానంగా, గుండ్రంగా, బడిలో పలక మీద రాసినట్టు. గుమస్తా తల అడ్డంగా ఊపాడు. "కలవలేదు. మూడోసారి కూడా తప్పితే ఇవాళ్టికి అకౌంటు ఆపేస్తుంది సిస్టం. రేపు గుర్తింపు కాగితాలతో రండి."

మూడు నలభై ఒకటి. మామయ్య నుదుటి మీద చెమట గ్రీజుతో కలిసి కారుతోంది. పెన్ను మళ్ళీ కాగితం మీదకు దించబోయాడు.

"మామయ్యా, పెట్టొద్దు. ఆగు." అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. పెన్ను కదలకుండా బొటనవేలి మీద వేలు వేసి నొక్కింది. వేలికి చిన్న గట్టి మచ్చ తగిలింది. మిల్లీమీటరు కూడా ఉండని నల్లటి చుక్క.

సూది. మూడో మెషిను సూది ఆ బొటనవేల్లోంచి ఇటునుంచి అటు దిగింది. ఎప్పుడు? లోను వచ్చిన వారమే. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, అక్కడినుంచి నేరుగా...

"మామయ్యా, అకౌంటు తెరిచిన రోజు నీ కుడిచేతికి కట్టు ఉంది!"

ఆయన ఆమెను చూశాడు, పెన్నును చూశాడు. పెన్ను ఎడమచేతిలోకి మార్చాడు.

గుమస్తా కాగితం లాక్కోబోయాడు. "ఇదేంటండీ, సంతకం ఆ చేత్తోనా పెట్టేది?"

"నాకు రెండు చేతులున్నాయి నాయనా. ఒకటి మెషినుకి, ఒకటి నీ బ్యాంకుకి."

ఎడమచేత్తో పెట్టాడు. అక్షరాలు కాళ్ళు ఎగరేసి, గోడ ఎక్కుతున్న చీమల్లా వంకరగా వెళ్ళాయి. చివర గీత కిందకు జారిపోయింది. గుమస్తా కంప్యూటరు వైపు వంగాడు. ముల్లు టక్కుమంది. మళ్ళీ టక్కుమంది.

"ఆఁ," అన్నాడు గుమస్తా నిరాశగా. "ఇదే."

డబ్బు మామయ్య అకౌంటు దాటి షెడ్డు అకౌంట్లో పడింది. రసీదు పట్టుకుని అక్క లోపలి గదిలోకి నడిచింది. నడిచానని అనుకుంది గానీ పరిగెత్తింది. మూడు యాభై రెండు.

ఆఫీసరమ్మ రసీదు చదివింది. అమ్మకం కాగితం చదివింది. అద్దె ఒప్పందం దగ్గర ఆగింది.

"అద్దె ఎంతో రాయలేదు."

"మా మామయ్య ఇంకా చెప్పలేదు మేడమ్."

"చెప్పించి, బయట రేటుతో సరిచూసి, రేపు తెచ్చివ్వండి. ఆ కాగితం వచ్చేదాకా అద్దె చెల్లించకండి." ఆమె ఫైలులో రాసింది. అక్క తలకిందులుగా చదవడానికి ప్రయత్నించింది. మెషిన్లు: సొంతం నాలుగు, అద్దె ఒకటి. టిక్కు. కింద సంతకం. "మూడు నెలలకు మళ్ళీ వస్తాను. ఏ రోజో చెప్పను."

"మేడమ్, మీ సాక్సు... ఒక జత పంపిస్తాను. మా మామయ్య ఊరుకోడు."

"వద్దు. అది కూడా రాయాల్సి వస్తుంది." ఆమె ఫైలు మూసింది. మూసి, తల ఎత్తకుండానే అడిగింది. "దుకాణంలో దొరుకుతాయా అవి? రెండు నీలం గీతలవి?"

*

రెండో విడత అకౌంట్లో పడి, మిల్లుకు డబ్బు వెళ్ళాక, అయిదున్నరకు లారీ తాడు విప్పారు. నూలు కోన్ల పెట్టెలు ఒకదాని వెనక ఒకటి లోపలికి వస్తున్నాయి. పచ్చమెషినును గుమ్మంలోంచి మామయ్య ఒక్కడే, మోటారు రేకు తిప్పి, రెండు నిమిషాల్లో ఇవతలికి లాగేశాడు. పొద్దున ఈ మాట ఎందుకు చెప్పలేదని తమ్ముడు అడిగితే "పొద్దున అది నాది కాదుగా" అన్నాడు.

కుట్టు పిన్ని స్టూలు జరుపుకుని వచ్చింది. "ఓనరుగారూ, మీ కింద పనిచేసేవాళ్ళకు కళ్ళజోడు ఇస్తారా?"

"నా కింద ఎక్కడ పనిచేస్తున్నావు? మెషిను అద్దెకిచ్చాను. నీ కళ్ళజోడు మీ అక్కనడుగు."

"ఒక్కరోజులో ఎంత పొగరొచ్చిందో చూడండి!"

అక్క ఒప్పందం కాగితం ముందు పెట్టింది. "చెప్పు మామయ్యా. నెలకు ఎంత?"

మామయ్య ఆలోచించాడు. చెవి గోక్కున్నాడు. "ఒకటి. దీన్ని ఎవరూ విప్పకూడదు. రెండు. నూనె నేనే పోస్తాను. మూడు. మీ వరండా పడకకూ తిండికీ నెలనెలా ఇంత అని మీ అమ్మ నా దగ్గర తీసుకోవాలి. ఇక నుంచి నేను సంపాదిస్తున్నాను."

"అవన్నీ సరే. అంకె చెప్పు. బ్యాంకు అడుగుతుంది."

ఆయన అంకె చెప్పాడు. తమ్ముడు ఎగిరిపడ్డాడు. "మామయ్యా! బయట దీనికి రెండింతలు తీసుకుంటున్నారు!"

"తీసుకోనీరా. వాళ్ళకు మీలాంటి మేనల్లుళ్ళు లేరు."

మామయ్య పెన్ను కుడిచేత్తో తీసుకున్నాడు. ఒక క్షణం ఆగాడు. ఎడమచేతిలోకి మార్చుకుని, నాలుక పంటికింద పెట్టి, వంకర టింకరగా సంతకం పెట్టాడు. కాగితం దూరంగా పట్టుకుని చూసుకున్నాడు. బాగుందన్నట్టు తల ఊపాడు.

ప్లగ్గు పెట్టారు. ఐదూ లేచాయి. అక్క గుమ్మం దగ్గర నిలబడి, పొద్దునలాగే కళ్ళు మూసుకుంది. గొంతు సవరింపు. పళ్ళ కొరుకుడు. చినుకులు. రింగు తొడిగిన నాలుగోది, కొంచెం బొంగురుగా. ఐదోదానికి ఇంకా ఏ పోలికా దొరకలేదు.

"అమ్మాయ్, పని చూసుకో. ఎన్నిసార్లు లెక్కపెడతావు?"

"తొమ్మిది రోజులు మామయ్యా," అంది అక్క. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.